చంద్రుడి మీద గుంటూరు గ్రహణం: జాన్సెన్, లాకియర్ బిలాలు ఎప్పుడు, ఎలా చూడాలి?

#1 — నెలవంక

1868 గ్రహణాన్ని గుంటూరు నుంచి చూసిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియేర్ జాన్సెన్ పేరుతో చంద్రుడి మీద బిలం ఉందని తెలుసు. మ్యాపులో ఆ పేరు కొట్టి వెతికితే ప్రశాంతి సముద్రంలో 23 కిలోమీటర్ల చిన్న బిలం చూపిస్తోంది. కొన్నిచోట్ల మాత్రం 200 కిలోమీటర్ల బిలం అని రాశారు. ఏది సరైనది? దగ్గరున్నది 150 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు), ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ., ఐపీస్‌లు 25, 10 మి.మీ. దీనితో అందుతుందా? ఏ రోజు చూడాలి?

ఇంకో సందేహం. "హీలియాన్ని గుంటూరులో కనిపెట్టారు" అంటారు కదా, ఆ మాట ఎంతవరకు నిజం?

#2 — తిథి_లెక్క

మీరు చూసింది వేరే ఆయన. ప్రశాంతి సముద్రంలోని 23 కిలోమీటర్ల బిలానికి జకారియాస్ జాన్సెన్ పేరు పెట్టారు. ఆయన హాలండ్‌లో కళ్లద్దాల పనివాడు. రోమన్ లిపిలో ఆయన పేరులో ఒక్క 'ఎస్', మన గుంటూరు జాన్సెన్ పేరులో రెండు. తెలుగులో రాసేసరికి రెండూ ఒకటే అయిపోతాయి. అందుకే వెతికేటప్పుడు పేరుతో కాకుండా అక్షాంశ రేఖాంశాలతో వెళ్లండి.

పియేర్ జాన్సెన్ బిలం: సుమారు 45 డిగ్రీల దక్షిణం, 41 డిగ్రీల తూర్పు. వ్యాసం సుమారు 200 కి.మీ.
లాకియర్ బిలం (ఇంగ్లండ్‌కు చెందిన నార్మన్ లాకియర్ పేరుతో): సుమారు 46 దక్షిణం, 37 తూర్పు. వ్యాసం 34 కి.మీ. జాన్సెన్ పడమటి గోడకు నైరుతి వైపున, ఆ గోడను కొరికేసి కూర్చుంది.

1868లో ఒకే పనిని, గ్రహణం లేకుండానే సూర్యుడి జ్వాలలను చూడడాన్ని, విడివిడిగా చేసిన ఇద్దరూ చంద్రుడి మీద ఒకే గోడ పంచుకున్న ఇరుగుపొరుగులయ్యారు. ఈ జంటను చూడడం నిజంగా బాగుంటుంది.

ఇక రోజు. దీనికి మన పంచాంగమే చాలు. ఒక తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. శుక్లపక్షంలో చంద్రుడి మీద సూర్యోదయ రేఖ (టెర్మినేటర్) ఏ రేఖాంశం మీద ఉందో ఇలా వస్తుంది:

90 – (12 × పూర్తయిన తిథులు) = తూర్పు రేఖాంశం

చవితి ముగిసే క్షణానికి 90 – 48 = 42 తూర్పు. అంటే టెర్మినేటర్ సరిగ్గా జాన్సెన్ నడుమ ఉంటుంది, పడమటి సగం ఇంకా చీకట్లోనే. పంచమి సగం గడిచేసరికి రేఖ 36 తూర్పుకు వస్తుంది, బిలం మొత్తం వెలుగులోకి వచ్చి లాకియర్ కూడా బయటపడుతుంది. పంచమి ముగిసేసరికి 30 తూర్పు. కాబట్టి చూడాల్సింది పంచమి రెండో సగం. షష్ఠి మొదట్లో కూడా ఫరవాలేదు. ఆ తర్వాత నీడలు కరిగిపోతాయి.

#3 — ఊగిసలాట

తిథి_లెక్క గారి సూత్రం బాగుంది. కానీ అచ్చంగా దాన్నే నమ్ముకుంటే రెండుచోట్ల దెబ్బ తగులుతుంది.

ఒకటి, క్యాలెండర్‌లో గడిలో కనిపించేది సూర్యోదయానికి ఉన్న తిథి. మనం చూసేది సాయంత్రం. గడిలో "చవితి" అని ఉండి పక్కన "ప. 11.20 వరకు" అని చిన్నక్షరాల్లో ఉంటే, సాయంత్రానికి పంచమిలో ఏడెనిమిది గంటలు గడిచిపోయినట్టే. ముగింపు సమయం చూసి లెక్కేసుకోవాలి. అది కూడా దృక్ పంచాంగంలోదే తీసుకోండి. పాత పద్ధతి పంచాంగాల్లో తిథి ముగింపు కొన్ని గంటలు తేడా వస్తుంది.

రెండోది లిబ్రేషన్, అంటే చంద్రుడు మనకు కనబడుతూ అటూ ఇటూ ఊగడం. తూర్పు పడమరల్లో ఈ ఊపు దాదాపు 8 డిగ్రీల దాకా పోతుంది. తిథి సూత్రం ఊపు సున్నా అనుకుని చెప్పే లెక్క. రేఖాంశ లిబ్రేషన్ +7 ఉన్న రోజున టెర్మినేటర్ 7 డిగ్రీలు తూర్పుకు జరిగి ఉంటుంది. టెర్మినేటర్ గంటకు అర డిగ్రీ నడుస్తుంది కాబట్టి జాన్సెన్‌కు సూర్యోదయం 14 గంటలు ఆలస్యం. –7 ఉంటే అంత ముందే తెల్లారిపోతుంది. "పంచమి నాడే చూశాను, ఏమీ కనబడలేదు" అనే వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

ఈ గొడవ లేకుండా కావాలంటే కోలాంగిట్యూడ్ చూడండి. సూర్యోదయ రేఖ చంద్రుడి మీద ఎక్కడుందో చెప్పే కోణం అది, ఊపును కూడా కలుపుకున్న లెక్క. అమావాస్యకు 270, శుక్ల అష్టమి దగ్గర 0, పున్నమికి 90, బహుళ అష్టమి దగ్గర 180. జాన్సెన్ తూర్పు గోడ మీద ఎండ పడేది సుమారు 315 దగ్గర, పడమటి గోడ దాకా వెలిగేది 324 దగ్గర. బిలం అంత వెడల్పు కాబట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు తెల్లారడానికి 18 గంటలు పడుతుంది! 325 నుంచి 332 మధ్య పట్టుకుంటే అన్నీ దొరుకుతాయి. వర్చువల్ మూన్ అట్లాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తేదీ, గంట ఇస్తే ఈ అంకె నేరుగా చూపిస్తుంది.

#4 — నెలవంక

రోజు సంగతి అర్థమైంది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు దారి చెప్పండి. దక్షిణం వైపంతా గుంటలే గుంటలు. ఏది ఏదో తెలుసుకోవడం ఎలా?

#5 — దక్షిణపు_దారి

ముందు మామూలు కంటితో దిక్కు సరిచూసుకోండి. సాయంత్రం పడమటి ఆకాశంలో పంచమి చంద్రుడు పడవలా ఉంటాడు, వెలిగే అంచు కిందికి. అప్పుడు చంద్రుడి ఉత్తరం మీ కుడిచేతి వైపు, దక్షిణం ఎడమచేతి వైపు. కుడివైపు కింద కోడిగుడ్డు ఆకారంలో నల్లగా విడిగా కనబడేది క్రైసియం సముద్రం. జాన్సెన్ దానికి ఎదురు కొసన, ఎడమవైపు. బైనాక్యులర్‌లో కూడా ఇదే అమరిక.

న్యూటోనియన్‌లో బొమ్మ తలకిందులవుతుంది, అంటే మొత్తం 180 డిగ్రీలు తిరుగుతుంది. మ్యాపును కూడా తలకిందులుగా పట్టుకుంటే సరిపోతుంది. డయాగొనల్ అద్దం ఉన్న రిఫ్రాక్టర్‌లో (కటకాల టెలిస్కోపులో) మాత్రం బొమ్మ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారుతుంది. కాగితం మ్యాపును ఎలా తిప్పినా అది కుదరదు. యాప్‌లో "మిర్రర్" నొక్కాల్సిందే.

ఇక 25 మి.మీ. ఐపీస్‌తో (48 రెట్లు) ఇలా నడవండి. పంచమి నాటికి మకరంద సముద్రం, అదే మేర్ నెక్టారిస్, బాగా కనబడుతుంది. దాని కిందుగా, దక్షిణాన ఆల్టై కొండచరియ తూర్పు కొస దగ్గర ఒంటరిగా, శుభ్రమైన అంచుతో 88 కిలోమీటర్ల బిలం ఉంటుంది. అది పికొలోమిని. అక్కడి నుంచి ఆగ్నేయానికి సుమారు 470 కిలోమీటర్లు జరిగితే, అంటే పికొలోమిని వెడల్పుకు ఐదింతలు, ఒకదానికొకటి ఆనుకున్న జంట బిలాలు వస్తాయి. పైది (ఉత్తరాన) మీటియస్, 88 కి.మీ. కిందది ఫాబ్రీషియస్, 78 కి.మీ. ఆ ఫాబ్రీషియస్ ఉన్నదే జాన్సెన్ లోపల.

ఇక్కడే అందరూ పొరపడతారు. ఫాబ్రీషియస్ పదునుగా, నిండుగా కనబడుతుంది కాబట్టి అదే జాన్సెన్ అనుకుని ఆగిపోతారు. అసలు జాన్సెన్ గోడలు అరిగిపోయి, ఆరు పలకలుగా వంకర తిరిగి ఉంటాయి. ఫాబ్రీషియస్ దగ్గర ఆగకుండా దానికి దక్షిణాన, నైరుతిన ఉన్న పెద్ద మైదానాన్ని చూడండి. చెరువుగట్టు తెగిపోయి ఎండిన పెద్ద చెరువులా ఉంటుంది. ఆ మైదానమే జాన్సెన్.

సరిగ్గా చేరారని చెప్పే గుర్తు ఒకటుంది. మీటియస్‌కు తూర్పున రెయిటా లోయ, వందల కిలోమీటర్ల గాడి, నెక్టారిస్ వైపు నుంచి బాణంలా వచ్చి పోతుంది. అది ఐపీస్‌లో ఉంటే మీరు దారి తప్పలేదు.

#6 — గాడి_గట్టు

జాన్సెన్ దాకా వెళ్లి గాడిని చూడకుండా రావద్దు. 10 మి.మీ. ఐపీస్ పెట్టండి, 120 రెట్లు. ఫాబ్రీషియస్ అంచు దగ్గర మొదలై జాన్సెన్ నేల మీద విల్లులా వంగి దక్షిణం గోడ వైపు పోయే చీలిక కనబడుతుంది. పొడవు వంద కిలోమీటర్లకు పైనే. ఇలాంటి గాడులు మామూలుగా లావా నిండిన సముద్రాల అంచుల్లో ఉంటాయి. ఎత్తైన పాత నేల మీద ఇంత స్పష్టంగా ఉండడం అరుదు.

సూర్యుడు ఆ నేల మీద 5 నుంచి 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు గాడి ఒక గట్టు నల్లగా, ఎదుటి గట్టు తెల్లగా పక్కపక్కన రెండు దారాల్లా కనిపిస్తాయి. ఇంకా ముందైతే తూర్పు గోడ నీడలో మునిగి ఉంటుంది, బాగా ఆలస్యమైతే చెరిగిపోతుంది. పున్నమి నాటికి గాడే కాదు, జాన్సెన్ మొత్తమే కనబడదు. 200 కిలోమీటర్ల బిలం ఎటుపోయిందా అనిపిస్తుంది. నీడల్లేకపోతే అరిగిన గోడకు ఆనవాలే లేదు.

అది అంతగా అరిగిపోవడానికి కారణం నెక్టారిస్. ఆ సముద్రపు పల్లాన్ని తవ్విన ఢీకొట్టుడు జరిగేనాటికే జాన్సెన్ పాతది. ఆ దెబ్బకు ఎగిరిపడిన రాయీరప్పా దాని మీద పడి పూడ్చేసింది. నెక్టారిస్ నుంచి ఎగిరివచ్చి పరుచుకున్న పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే "జాన్సెన్ ఫార్మేషన్". గుంటూరు గ్రహణం చూసినాయన పేరు చంద్రుడి కాలమానంలోకి అలా కూడా ఎక్కింది.

#7 — సాంధ్య_తార

వినాయక చవితి కూడా శుక్ల చవితే కదా. ఆ రోజు చంద్రుణ్ని చూడకూడదనేవాళ్లు మర్నాడు చూస్తే సరిపోతుందా?

#8 — తిథి_లెక్క

భేషుగ్గా. అసలు మంచి వెలుగు పంచమిదే కాబట్టి నీలాపనిందల భయం ఉన్నవాళ్లకు నష్టమేమీ లేదు. కానీ భాద్రపదం ఈ పనికి మంచి నెల కాదు. మన అక్షాంశాల్లో ఆ రోజుల్లో పంచమి చంద్రుడు సూర్యాస్తమయానికి 40 డిగ్రీల ఎత్తు చుట్టుపక్కల ఉంటాడు, చీకటి పడేలోపు ఇంకా దిగిపోతాడు. పైగా వానాకాలం. ఫాల్గుణం, చైత్రం, వైశాఖాల్లో అదే తిథి నాడు అదే వేళకు 50 డిగ్రీలకు పైన ఉంటాడు. చీకటి కోసం ఎదురు చూడొద్దు. సూర్యుడు అస్తమించిన వెంటనే, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించండి.

#9 — స్లాబు_సెగ

ఆ నెలల్లో ఇంకో చిక్కు ఉంది. పగలంతా కాగిన డాబా స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఐపీస్‌లో చంద్రుడు నీళ్లలో మునిగినట్టు తేలుతూ కనబడితే టెలిస్కోపును అనుమానించకండి, ముందు స్లాబును అనుమానించండి. మట్టి నేల గానీ గడ్డి గానీ ఉన్న చోటికి మార్చండి. డాబా తప్పదంటే సాయంత్రం నీళ్లు చల్లి తడిపితే కొంత నయం. ఏసీ యంత్రాల బయటి పెట్టెలున్న వైపు అసలు వద్దు. 150 మి.మీ. అద్దం బయటి వేడికి సర్దుకోవడానికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. ఏసీ గదిలోంచి తెస్తే ఇంకా ఎక్కువ.

సామర్థ్యం సంగతి. 150 మి.మీ. అద్దం సిద్ధాంతపరంగా 0.77 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) విడదీస్తుంది. చంద్రుడి సగటు దూరంలో ఒక ఆర్క్ సెకను 1.86 కి.మీ. కాబట్టి అది సుమారు 1.4 కి.మీ. మన గాలిలో రెండు మూడు కిలోమీటర్లు దొరికితే సంతోషించాలి. లాకియర్ 34 కి.మీ. అయినా అంచుకు దగ్గరగా ఉండడం వల్ల నొక్కుకుపోయి, పొడవు 18, వెడల్పు 10 ఆర్క్ సెకన్ల కోడిగుడ్డులా కనబడుతుంది. 120 రెట్లలో అది హాయిగా తెలుస్తుంది. 2 రెట్ల బార్లో (బొమ్మను పెద్దది చేసే అదనపు కటకం) వేసి 240కి వెళ్లడం గాలి నిలకడగా ఉన్నప్పుడే. మూన్ ఫిల్టర్ పంచమికి అక్కర్లేదు. మోటారు లేని డాబ్సోనియన్ (చేత్తో తిప్పే పీఠం) అయితే 120 రెట్లలో బిలం ఈ అంచు నుంచి ఆ అంచుకు నిమిషంన్నరలో దాటిపోతుంది. తూర్పు అంచున పెట్టి చేయి తీసేయండి. గొట్టం ఊగడం ఆగాక నడుమకు వచ్చినప్పుడు చూడండి.

ఫోటోకు ఒక్క స్నాప్ కంటే వీడియో మేలు. 2.9 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న గ్రహాల కెమెరాకు ఎఫ్/14.5 (ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) చుట్టుపక్కల సరైన కొలత, అంటే పిక్సెల్ సైజుకు ఐదింతలు. మీ ఎఫ్/8కి 2 రెట్ల బార్లో వేస్తే ఎఫ్/16, బాగా కుదురుతుంది. రెండు మూడు వేల ఫ్రేములు తీసి, ఆటోస్టాకర్ట్ సాఫ్ట్‌వేర్‌లో మంచివి పదో వంతు మాత్రం పేర్చండి. పదును పెట్టేటప్పుడు చేయి మితంగా ఉంచాలి. అతిగా లాగితే గాడి పక్కన లేని రెండో గాడి పుట్టుకొస్తుంది.

#10 — వర్ణపట

మొదటి పోస్టులోని రెండో ప్రశ్నకు. "హీలియాన్ని గుంటూరులో కనిపెట్టారు" అన్న వాక్యం సరికాదు. అలాగని గుంటూరు ఘనత తగ్గదు. జరిగింది ఇది.

1868 ఆగస్టు 18. సంపూర్ణ గ్రహణ ఛాయ బీజాపూర్, గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. గుంటూరులో జాన్సెన్, బ్రిటిష్ బృందంతో మేజర్ టెనెంట్. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను తొలిసారి వర్ణపటమానినితో (కాంతిని రంగులుగా విడదీసే పరికరంతో) చూడడం అందరి లక్ష్యం. ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి, అంటే ఆ జ్వాలలు వాయువే అని తేలింది.

జాన్సెన్ గొప్పతనం ఆ తర్వాతి ఆలోచనలో ఉంది. గీతలు అంత వెలుగుతుంటే గ్రహణం దేనికి, మామూలు పగలు కూడా కనబడాలి కదా అనుకున్నాడు. మర్నాడు, 19న, గుంటూరులోనే చూపించాడు. అంతదాకా కొన్ని నిమిషాల గ్రహణం కోసం సముద్రాలు దాటాల్సి వచ్చిన పని, ఇక ఏ ఎండరోజైనా చేయవచ్చు. ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ గ్రహణంతో సంబంధం లేకుండా అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే సమావేశంలో అందాయి. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం వేయించింది.

ఇక హీలియం. ఆ గ్రహణంలో చూసినవాళ్లు ఒక పసుపు గీతను గమనించారు, పోగ్సన్ కూడా. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది సుమారు 587.6 దగ్గర. ఆనాటి పరికరాలతో, ఆ కొద్ది నిమిషాల్లో, ఈ తేడా పట్టడం కష్టం. అది సోడియం కాదని తేల్చినది, కొత్త మూలకమని వాదించినది, సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ మీదుగా పేరు పెట్టినది లాకియర్. భూమ్మీద దాన్ని 1895లో విలియం రామ్సే వేరు చేశాడు. జాన్సెన్ కొత్త మూలకం కనిపెట్టానని చెప్పుకోలేదు. సూర్యుణ్ని రోజూ చదివే పద్ధతి గుంటూరులో పుట్టింది, హీలియం కథ దాని వెంట వచ్చింది. ఇలా చెబితే నిజమూ నిలుస్తుంది, మన ఊరి గౌరవమూ నిలుస్తుంది.

#11 — సాంధ్య_తార

పోగ్సన్‌కు కూడా బిలం ఉందా?

#12 — పేర్ల_పట్టీ

ఉంది, కానీ సుమారు 110 తూర్పున, చంద్రుడి అవతలి వైపు. ఎంత ఊగినా ఇక్కడి నుంచి కనబడదు. నక్షత్రాల ప్రకాశ పరిమాణానికి 2.512 నిష్పత్తి ఇచ్చినాయన ఈయనే.

పేర్ల పద్ధతి గురించి నాలుగు మాటలు. ఇప్పుడు వాడుతున్న పద్ధతికి పునాది 1651లో బొలోన్యాలో జెసూట్ పండితుడు రిచోలీ వేశాడు, మ్యాపు గీసింది గ్రిమాల్డి. పాతవాళ్లను, కొత్తవాళ్లను కాలాన్నిబట్టి గుంపులుగా సర్దాడు. టోలెమీ, అల్ఫోన్సస్, అర్జాకెల్ బిలాలు ఒకే వరుసలో నిలబడడం యాదృచ్ఛికం కాదు. అల్ఫోన్సస్ గ్రహ పట్టికలు వేయించిన కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో, అర్జాకెల్ టొలెడోలో పనిచేసిన అల్ జర్ఖాలీ. భూమి తిరుగుతుందని రిచోలీ ఒప్పుకోలేదు, అయినా కోపర్నికస్‌కు 93 కిలోమీటర్ల అద్భుతమైన బిలం ఇచ్చాడు. గెలీలియోకు మాత్రం అన్యాయం జరిగింది. రిచోలీ ఆయన పేరు పెట్టిన చోటు అసలు బిలమే కాదు, ఇప్పుడు రైనర్ గామా అని పిలిచే తెల్లటి మచ్చ. ఆ సంగతి తెలిశాక 19వ శతాబ్దంలో పేరును పక్కనున్న 15 కిలోమీటర్ల గుంటకు మార్చారు.

జాన్సెన్ పుట్టింది 1824లో, రిచోలీ పోయిన 153 ఏళ్లకు. లోపలి ఫాబ్రీషియస్ పేరు మాత్రం 1596లో మైరా నక్షత్రం వెలుగు మారడం గమనించిన డేవిడ్ ఫాబ్రీషియస్‌ది. వయసులో బిలాలది ఒక వరుస, పేర్లది తలకిందుల వరుస.

#13 — నెలవంక

మన దేశం వాళ్ల పేర్లున్నవి అదే రాత్రి ఏవైనా దొరుకుతాయా?

#14 — పేర్ల_పట్టీ

ఆర్యభట. 6 ఉత్తరం, 35 తూర్పు, ప్రశాంతి సముద్రంలో, 22 కి.మీ. అదే పంచమి వెలుగు దానికీ సరిపోతుంది. కానీ గుండ్రటి గుంట కోసం వెతక్కండి. లావా ముంచేసి తూర్పు గోడ ఒక్కటే విల్లులా మిగిలింది. రేఖ దగ్గర ఉంటేనే కనబడుతుంది, ఒక రోజు దాటితే పోతుంది. పాత మ్యాపుల్లో దీని పేరు మాస్కెలిన్ 'E'.

సారాభాయి మర్నాటి సాయంత్రానికి. 25 ఉత్తరం, 21 తూర్పు, 8 కిలోమీటర్ల లోపు చిన్న గుండ్రని గుంట, పాత పేరు బెసెల్ 'A'. మేర్ సెరెనిటాటిస్‌లో ముందు బెసెల్ (16 కి.మీ.) పట్టుకుని ఈశాన్యానికి వెళ్లండి. సాహా, మిత్రా, బోస్, భాభా అన్నీ అవతలి వైపే. సాహా సుమారు 103 తూర్పు, తూర్పు అంచుకు కొంచెమే అవతల.

#15 — ఊగిసలాట

సాయంత్రాలు కుదరని వాళ్లకు బహుళ చవితి ఉంది. అప్పుడు జాన్సెన్ మీద సూర్యాస్తమయం, కోలాంగిట్యూడ్ 125 నుంచి 135 మధ్య. ఎండ పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి శుక్లపక్షంలో నల్లగా కనిపించిన గాడి గట్టు ఇప్పుడు తెల్లగా కనిపిస్తుంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే గాడి ఎటు వాలుందో తెలుస్తుంది. చంద్రుడు నడినెత్తికి వచ్చేది రాత్రి రెండున్నర ప్రాంతంలో, అప్పటికి స్లాబు కూడా చల్లారిపోతుంది. కార్తీకం, మార్గశిరం అయితే ఎత్తు బాగా దొరుకుతుంది. చవితి సగం గడిచే సమయం ఆ వేళకు పడే నెల ఎంచుకోండి, చవితి ముగిసేసరికే తూర్పు సగం చీకట్లో మునిగిపోతుంది.